అక్క లేని గడప

రండి నాయనా, దగ్గరగా జరగండి. వెనకున్న తల్లులూ, ముందుకు రండి. నరసింహస్వామిని ఒక్కసారి తలుచుకుని వినండి.

ఒకానొక రాజ్యంలో ఇందుశేఖరుడనే రాజుండేవాడు. పసితనంలోనే తల్లి పోతే, గురవమ్మ అనే దాసి అతణ్ణి చంకనెత్తుకుని పెంచింది. ఆమెను "అక్కా" అని పిలిచేవాడు. కిరీటం నెత్తికెక్కాక ఆ పిలుపు నామోషీ అయింది.

ఆస్థాన పండితుడు శబ్దార్ణవశాస్త్రి దానికి ఆజ్యం పోశాడు.

"ప్రభూ! అక్క అంటే సంస్కృతంలో తల్లి. తెలుగులో, కన్నడంలో, అరవంలో తోబుట్టువు. ఏ భాషలో పుట్టిందో తేలని మాట, అందులోనూ ఒక దాసిని పిలవడానికి! రాజు నోట రావచ్చునా?"

"తేలేదాకా ఆ మాట కోటలో వినబడరాదు. రేపు నేను పెళ్ళి చేసుకుని వచ్చేసరికి గురవమ్మ తన ఊరికి వెళ్ళిపోవాలి" అన్నాడు రాజు.

గురవమ్మ మూట కట్టుకుంది. విదూషకుడు కొండుభట్టు కనబడితే ఒక్కటే చెప్పింది: "బాబుకి నెయ్యి వేడిగా ఉంటేనే ముద్ద దిగుతుందయ్యా. కొత్తవాళ్ళకి చెప్పండి."

భట్టు కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మా, రేపు పెళ్ళివారు వచ్చేదాకా పక్క వాకిట్లో కూర్చో, చాలు" అన్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మేళతాళాలతో రాజు కన్నడదేశపు వధువు హొన్నాంబతో కోటకు వచ్చాడు. సింహద్వారం మూసి ఉంది. ముందు కొండుభట్టు నిలబడ్డాడు.

"ఏమిటీ ఆగడం?"

"ఆచారం ప్రభూ! ఆడపడుచు గుమ్మానికి అడ్డు నిలిచి, పేర్లు చెప్పించనిదే కొత్తకోడలు గడప దాటరాదు."

"నాకు తోబుట్టువులు లేరని తెలియదూ?"

"ఉండేవారు, మిమ్మల్ని పెంచి 'అక్కా' అనిపించుకున్నావిడ. ఆ పిలుపు ఇంకా విచారణలో ఉంది. శాస్త్రులవారూ, తేలడానికి ఎన్నాళ్ళు?"

శాస్త్రి గొంతు సవరించుకున్నాడు. "నాలుగు భాషల గ్రంథాలు తిరగెయ్యాలి... ఆర్నెల్లు."

"విన్నారా? అందాకా పందిరి వేయిస్తాను."

బాసికం కింద చెమటలు కారుతున్న హొన్నాంబ మెల్లగా అంది: "మా పుట్టింట్లో నన్ను పెంచిన ముసలావిడనూ అక్కా అనే పిలుస్తాను. ఏ పుస్తకమూ చూడలేదు. మిమ్మల్ని పెంచినావిడ ఎక్కడ?"

రాజు తల దించుకున్నాడు. అంతలో పక్క వాకిట్లో, మూట ఒళ్ళో పెట్టుకున్న గురవమ్మ కనిపించింది.

"అక్కా!"

మేళాలు ఆగిపోయాయి. ఆమె మూట అక్కడే వదిలేసి, తలుపు తీయించి, రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పేర్లు చెప్పండి."

"శ్రీమన్మహారాజాధిరాజ..."

"బిరుదులెవరడిగారు బాబూ? పేరు!"

జనం ఘొల్లున నవ్వారు. రాజు చెవులు ఎర్రబడ్డాయి. "నేనూ, నా భార్య హొన్నాంబా వచ్చాం అక్కా."

"ఆడపడుచు కట్నం?"

"ఏం కావాలో అడుగు."

"నీ బిడ్డకి మొదటి ముద్ద నేనే కలపాలి."

రాజు నవ్వాడు. నవ్వుతూనే కళ్ళొత్తుకున్నాడు. మెడలోని ముత్యాలహారం తీసి కొండుభట్టు మెడలో వేశాడు. "నన్ను నా గుమ్మంలోనే నిలబెట్టావు కదయ్యా!"

"నేనెవర్ని ప్రభూ? నిలబెట్టింది అక్కగారు."

నాయనా, ఈ కథలో తక్కినదంతా మరిచినా స్వామి ఏమీ అనుకోడు. ఎర్రటి ఎండలో, పదిమందీ వినేలా, తనను పెంచినామెను ఆ రాజు పిలిచాడే, ఆ ఒక్క పిలుపూ గుర్తుంచుకోండి. మీకు ముద్ద కలిపి పెట్టినవాళ్ళు ఎక్కడో ఒక వాకిట్లో కూర్చునే ఉంటారు. ఇంటికి వెళ్ళగానే, ఏ వరసైతేనేం, గొంతెత్తి పిలవండి.