చప్పుడు లేని బస్సు

ఎవరు ఏ ప్రశ్న అడిగినా పరాంకుశం మాస్టారు ముందు చెప్పులు వేసుకునేవారు. జవాబు ఇంట్లో కూర్చుంటే దొరకదని ఆయన పట్టుదల.

ఆయన దగ్గర చదువుకున్న సన్యాసిరావు ఇప్పుడు నగరంలో బస్సుల ఆఫీసరు. ఓ తెల్లవారుజామున దిగులుగా వచ్చాడు.

"మాస్టారూ, నగరంలో ఎలాంటి బస్సు పదికాలాలు నిలుస్తుంది? పాతది తీసేసి, పొగ లేని కరెంటు బస్సు తెచ్చి కొండ వెనక కాలనీకి వేశాను. ఖాళీగా తిరుగుతోంది. ఇవాళ రద్దు చెయ్యక తప్పదు."

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. ఇద్దరూ ఆ బస్సే ఎక్కారు.

ఊరి నడుమ గుడిసెలు పీకేసినప్పుడు జనాన్ని తెచ్చి పడేసిన చోటే ఆ కాలనీ. అక్కడి ఆడవాళ్లు ఊళ్లో ఇళ్లల్లో పాచిపనికి పోవాలి. బస్సు ఆఖరి స్టాపులో ఆగింది. మనిషి జాడ లేదు. నేలమీద మాత్రం చేతిసంచులు వరసగా ఉన్నాయి.

"చూశారా, పిట్టయినా లేదు," అన్నాడు సన్యాసిరావు.

"సంచులు వాటంతటవే నడిచొచ్చాయా?" అంటూ మాస్టారు దిగిపోయారు. శిష్యుడూ దిగాడు. బస్సు మళ్లి, గాలిలా వెళ్లిపోయింది.

అంతలో సందులోంచి ఆడవాళ్లు బిందెలతో పరిగెత్తుకొచ్చారు. సరిగ్గా ఆ వేళకే కుళాయి వస్తుంది. బస్సు కోసం తమ బదులు సంచిని వరసలో పెట్టి నీళ్లకు పోవడం వాళ్ల అలవాటు. పాత బస్సు కొండెక్కుతూ రొప్పితే, ఆ రొప్పు విని వచ్చి అందుకునేవారు.

"పాతది మా మామలాగ దగ్గుకుంటూ వచ్చీది," అంది పైడితల్లి అనే ఆవిడ. "ఇది దొంగలాగ వస్తాది, దొంగలాగ పోతాది. హారనైనా కొట్టడు సచ్చినోడు!"

సన్యాసిరావు తల దించుకున్నాడు. హారన్ కొట్టరాదని డ్రైవర్లకు హుకుం ఇచ్చింది తనే.

"ఆటోలో ఎల్లవే," అంది పక్కావిడ.

"ఆటోవోడికి పెట్టడానికేటి నాను పని సేసీది? ఇంకోపాలి ఆలీసమైతే రావద్దన్నాది అమ్మగారు. అయిపోనాది."

పైడితల్లి సంచి తీసుకుని ఇంటివైపు మళ్లింది. మిగతావాళ్లు తమ సంచులు ఎత్తుకుని కొండదారిన ఊళ్లోకి నడవసాగారు. వరస ఉన్నచోట దుమ్ములో అచ్చులు మిగిలాయి.

"రద్దు చెయ్యను మాస్టారూ. రేపటినుంచే హారన్ కొట్టిస్తాను," అన్నాడు సన్యాసిరావు.

మాస్టారు ఆ అచ్చులకేసే చూస్తున్నారు.

"కొట్టించు నాయనా. సంచి తీసుకుని ఇంటికి పోయినావిడకి కూడా వినబడితే బాగుణ్ణు."