గీత దాటిన పోటీ

ఆ ఎండాకాలం దొండవాగు అడుగంటా ఎండిపోయింది. గడ్డి పీచయిపోయింది. అడవిలో తినడానికి మిగిలింది ఇప్పపువ్వొక్కటే. వాగు అవతలి తోపులో తెల్లవారుతుండగా ఒక్కొక్క పువ్వే టప్పుమని రాలేది. ఆ తీపి వాసన సన్నటి పొగమంచులో కలిసి, నీళ్ళు లేని వాగులో నీళ్ళలాగే మెల్లగా పారుతుండేది.

అడవిదున్న గట్టయ్యకి ఆ వాసనంటే ప్రాణం. పంతొమ్మిది పోటీలు గెలిచిన మొనగాడు. అతనికి తెలిసిన విద్య ఒక్కటే: తల వంచడం, దూకడం, నుదుటితో ఢీకొట్టడం. ఆ దెబ్బకి నిలబడిన దున్న ఆ చుట్టుపక్కల కొండల్లో లేదు. కానీ రెండేళ్ళుగా అతని తలలో ఏదో జుమ్మంటోంది. ఒక్కోసారి చెట్లు, గుట్టలు అలల మీద ఊగుతున్నట్టు కనిపించేవి. ఎదురుగా గెంతుతున్న దూడ పేరు నాలిక చివరిదాకా వచ్చి జారిపోయేది. ఈ సంగతి గట్టయ్య ఎవరికీ చెప్పలేదు. మొనగాడి తల మెత్తబడిందని తెలిస్తే మంద ఎవరి వెనక నిలబడుతుంది?

ఒకరోజు కొమ్మలరాయుడనే కొండముచ్చు అతని ముందు కొమ్మకి వేలాడుతూ ప్రత్యక్షమయ్యాడు.

"మామా, ఒక మాట చెప్పనా? కోపం తెచ్చుకోవద్దు."

"చెప్పు."

"గుట్టమీది ఎలుగుబంటి జూలమ్మ లేదూ? 'తలొక్కటే వాడేవాడు కూడా మొనగాడేనా? నా చేతికి చిక్కితే పిండేస్తాను' అంటోంది."

అటునుంచి అటే జూలమ్మ దగ్గరికి పోయి, "అక్కా, వెంట్రుకల మూటతో నాకు పోటీ ఏమిటని గట్టయ్య నవ్వుతున్నాడే!" అన్నాడు.

జూలమ్మది వేరే విద్య. కొడుతుంది, గీరుతుంది, కాలు మెలేస్తుంది, కౌగిలించి నేలకేసి దొర్లిస్తుంది. ఇలాగే పోట్లాడాలని ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఎదుటివాణ్ణి బట్టి అప్పటికప్పుడు పుట్టే విద్య అది.

"ఎవరు ఏ విద్యయినా వాడుకోవచ్చు," అని కొమ్మలరాయుడు అడవంతా చాటాడు. "వాగు ఇసుకలో గుండ్రంగా గీత గీస్తాను. దాటినవాళ్ళు ఓడినట్టు. గెలిచినవాళ్ళ కులానికి ఈ ఏడు ఇప్పతోపు. మిగతావాళ్ళు వాళ్ళని అడిగి తినాలి. రేపు తొలివెలుగు వేళకి అందరూ రావాలి. రానివాళ్ళు బతికుండగా ఇలాంటిది మళ్ళీ చూడరు!"

గట్టయ్యకి తోపు మాటే చెవిలో పడింది. మందలో పదకొండు దూడలున్నాయి. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. ఇంకొక్క పోటీ, అనుకున్నాడు. ఈ ఒక్కటీ అయిపోనీ.

మర్నాడు తెల్లవారేసరికి వాగు రెండు గట్లూ నిండిపోయాయి. దుప్పులు, కణుజులు, అడవిపందులు, ముళ్ళపందులు, చెవులు నిక్కించిన కుందేళ్ళు. ఇసుక మీద మంచు మోకాలెత్తున తేలుతోంది. ఆ మంచులో నిలబడ్డ గట్టయ్యకి తన కాళ్ళు తనకే కనబడలేదు. మబ్బు మీద నిలబడ్డట్టుంది. ఎదురుగా జూలమ్మ రెండు కాళ్ళ మీద లేచింది. ఆమె ఛాతీ మీది తెల్లమచ్చ నెలవంకలా మెరిసింది.

"కానివ్వండి!" అని కేకేశాడు కొమ్మలరాయుడు పైనుంచి.

గట్టయ్య దూకాడు. నుదురు తగిలిన చప్పుడు కొండకి కొట్టుకుని తిరిగొచ్చింది. జూలమ్మ గాలిలోకి లేచి గీత దగ్గర పడింది. జనం హోరుమన్నారు. గట్టయ్యకి మాత్రం ఆ హోరు ఎక్కడో నీళ్ళడుగు నుంచి వినిపించింది. లోకమంతా నెమ్మదించింది. గాలిలోకి లేచిన ఇసుక రేణువులు కిందికి రావడమే మరిచిపోయినట్టున్నాయి. తలలో జుమ్మనే మోత రెట్టింపయింది.

జూలమ్మ దులుపుకుని లేచింది. గట్టయ్య రెండోసారి దూకాడు. ఆమె మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది. మూడోసారి అతను తల వంచగానే ఆమె పక్కకి ఒరిగి, అతని కొమ్ము కిందుగా దూరి, మెడ చుట్టూ రెండు చేతులూ వేసి బిగించింది.

గట్టయ్య విదిలించాడు. ఆమె వదల్లేదు. వెనక్కి లాగాడు. ఆమె వెంటే వచ్చింది. దూరం లేకపోతే దూకడం లేదు. దూకడం లేకపోతే అతని దగ్గర ఇంకే విద్యా లేదు. పుట్టి బుద్ధెరిగాక అతన్ని అందరూ కొట్టినవాళ్ళే గాని, ఇలా పట్టుకున్నవాళ్ళు లేరు. ఆ బరువు మీద తలవాల్చి పడుకోవాలనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

ఇక నేలకేసి దొర్లించడమే తరువాయి. కానీ జూలమ్మ ఆగిపోయింది. ఆమె చెవి అతని నుదుటికి ఆనుకుని ఉంది.

"అన్నా," అంది గుసగుసగా. "నీ తలలో తేనెపట్టుందా?"

గట్టయ్య విదిలించడం మానేశాడు. "ఎవరితోనూ అనకు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు ఎండాకాలాలయింది."

"ఇంకొక్కసారి గుద్దావంటే నేను పోవడం కాదు, నువ్వు పోతావు."

"నువ్వు వదిలితే గుద్దుతాను. మా దూడలకి తోపు కావాలి."

"నా పిల్లలకి అక్కర్లేదా?" అంటూనే ఆమె ముక్కు ఎగబీల్చింది. మళ్ళీ ఎగబీల్చింది. "అన్నా, కదలకు. నలిగిన ఇప్పపువ్వు వాసన. రాలిన పువ్వు ఇలా వాసన రాదు. ఎవరో నములుతున్నారు."

"అడవంతా ఇక్కడే ఉందిగా!"

"ఉందా? చెట్ల మీద చూడు. ఎన్ని కొండముచ్చులున్నాయి?"

గట్టయ్య కళ్ళు పైకెత్తాడు. పిట్ట ఎగిరినా అరవై గొంతులతో గోల చేసే మంద. ఈవేళ పెద్ద మద్ది కొమ్మ మీద ఒక్కటే తోక వేలాడుతోంది. ఈలలు, చప్పట్లు, 'కుమ్మెయ్, పిండెయ్' అన్న కేకలు, అన్నీ ఆ ఒక్క గొంతులోంచే.

పువ్వు రాలే వేళకే పోటీ ఎందుకు పెట్టాడో గట్టయ్యకి అప్పుడు తట్టింది.

"ఆపి చెబుదాం," అన్నాడు.

"చెబితే నమ్ముతారా? ఓడిపోతానని భయపడి కబుర్లు చెబుతున్నావంటారు. ఈలోగా వాడు ఈలేసి తన వాళ్ళని పంపించేస్తాడు," అంది జూలమ్మ. "వీళ్ళు పోట్లాట వదిలి రారన్నా. పోట్లాటే నడిచి వెళ్ళాలి."

గట్టయ్య పక్కకి చూశాడు. తొక్కుడుకి మంచు చెదిరి, గీత నాలుగడుగుల్లో కనిపిస్తోంది. అటువైపు కాలు పెడితే పంతొమ్మిది గెలుపులూ పోయినట్టే.

"గట్టిగా పట్టుకో చెల్లీ," అన్నాడు.

ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలి, రొప్పుతూ, తిరుగుతూ కదిలారు. నెట్టుకుంటున్నారో, మోసుకుంటున్నారో చూసేవాళ్ళకి తెలియలేదు. మంచులో రెండు నల్లటి కొండలు చుట్టూ తిరుగుతూ సాగిపోతున్నట్టుంది. గట్టయ్య వెనక కాలు గీత దాటింది.

"గీత! గీత దాటారు! ఆగండి!" కొమ్మలరాయుడు కొమ్మ మీద ఎగిరెగిరి అరిచాడు. "ఇద్దరూ ఓడారు! అందరూ ఎక్కడివాళ్ళక్కడే కూచోండి!"

ఎవరు కూచుంటారు? కుందేళ్ళు ముందు పరిగెత్తాయి. దుప్పులు ఎగబడ్డాయి. పోటీ ఎటు పోతే అడవి అటు కదిలింది. వాగు దాటి, గట్టెక్కి, తుప్పలు తొక్కుకుంటూ, ఆ కౌగిలి వెంట అందరూ కలలో నడిచినట్టు నడిచారు. కొమ్మలరాయుడు చెట్టు నుంచి చెట్టుకి దూకుతూ, "వెనక్కి! వెనక్కి!" అని గొంతు చించుకున్నాడు.

ఇప్పతోపు నడుమ జూలమ్మ చేతులు వదిలింది.

రాలిన పువ్వు ఒక్కటి లేదు. కొమ్మ కొమ్మకీ కొండముచ్చులు, బుగ్గలు ఉబ్బిపోయి, పొట్టలు బిగిసిపోయి. సగం మంది మగతగా తోకలు జారవేసి గుర్రు పెడుతున్నారు. చెట్ల తొర్రలన్నీ అంచుల దాకా పువ్వే.

ముసలి అడవిపంది అడిగింది, "ఏం రాయుడూ, ఏమిటిది?"

"కాపలా పిన్నీ," అన్నాడు కొమ్మలరాయుడు. "మీ అందరి పువ్వుకీ కాపలా పెట్టాను."

"కాపలా పొట్టలో పెట్టావుట్రా?"

అడవంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో కోపం కూడా ఉంది. కణుజులు కొమ్ములతో తొర్రలు దులిపాయి. పువ్వు జలజలా కురిసింది. గెలిచినవాళ్ళకే తోపన్న మాట ఎవరి నోటా రాలేదు. పిల్లలున్నవాళ్ళు ముందన్నారు, దూడలు పరిగెత్తుకొచ్చాయి.

ముళ్ళపందికి మాత్రం సందేహం తీరలేదు. "ఇంతకీ ఎవరు గెలిచినట్టు?"

"ఇద్దరం ఒక్కసారే దాటాం," అంది జూలమ్మ.

"కాదు," అన్నాడు గట్టయ్య. "మొదట దాటింది నా కాలు. నేను ఓడాను. ఇక పోటీలకి రాను."

ఆ మాట అనేటప్పుడు మంద ముందు తల దించుకోవాలేమోనని భయపడ్డాడు. తీరా అన్నాక, మోస్తున్నదేదో కింద పెట్టినంత హాయిగా ఉంది. దూడలు అతని ముందు కాళ్ళ మధ్య దూరి పువ్వు ఏరుకుంటున్నాయి, ఓడినవాడా గెలిచినవాడా అని చూడకుండా.

కొమ్మలరాయుడు ఊరుకునే రకం కాదు. పొద్దెక్కాక వాగులో కొత్త గీత గీసి, "ఇప్పుడే అడవిపందికీ ముళ్ళపందికీ పోటీ! రండహో!" అని చాటాడు. గట్టు మీదికి ఒక్క కుందేలైనా రాలేదు. కాసేపు తనే ఈల వేసుకున్నాడు, తనే చప్పట్లు కొట్టుకున్నాడు. తర్వాత గీత మధ్యలో ఒంటరిగా కూచుండిపోయాడు.

నీతి: పోట్లాట చూడమని నలుగురినీ పిలిచేవాడి మనుషులు ఆ వేళకి ఎక్కడున్నారో ముందు చూసుకోవాలి.