నూరో సీమ

వెనకటికి మందారవతి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని భుజబల భూపతి ఏలేవాడు. మనసు మంచిదే కానీ, పొగడ్తంటే పడిచచ్చేవాడు. తన రాజ్యంలో సరిగ్గా నూరు సీమలున్నాయని ఆయనకు మహా గర్వం. సీమంటే మరేం కాదు, పదో పరకో పల్లెలు కలిసి ఒక అధికారి కింద నడిచే ముక్క. పొరుగు రాజు కళ్యాణగిరి ప్రభువుకు తొంభైతొమ్మిదే.

తెల్లవారి వందిమాగధులు "నూరు సీమల ఏలికా, పరాకు!" అంటేగానీ భూపతి మంచం దిగేవాడు కాడు. కోట ముంగిట నల్లరాతి జయస్తంభం నిలబెట్టి, 'నూరు సీమల ఏలిక' మొదలుకొని తన బిరుదులన్నీ గోరు దూర్చే సందు లేకుండా చెక్కించుకున్నాడు.

ఆయన కొలువులో పోలన అని ఒక మాటకారి ఉండేవాడు. రాజును నవ్వించడం అతని పని. అతనిది బోడికొండ సీమ. నూరింటిలోకీ చిన్నది, దూరమైనది. తొమ్మిది రోజుల నడక. అక్కడ పదకొండు పల్లెలు, పల్లెకూ పల్లెకూ మధ్య పూట ప్రయాణం. అన్నీ కలిపి అరవై రెండు గడపలు. ఎవరింట్లో పిల్లకు పన్ను ఊడినా పదకొండు పల్లెలకూ తెలిసేది.

పోలన ఇరవయ్యో ఏట కొలువుకొచ్చాడు. ముప్పై ఏళ్లు గడిచాయి, ఒక్కసారీ ఇల్లు చూడలేదు. ఎప్పుడడిగినా రాజు, "నువ్వు లేకపోతే నాకు తిన్నది అరగదయ్యా! పది రోజులు పోయిరా" అనేవాడు. తొమ్మిది రోజుల దారికి పది రోజుల సెలవు. గడప చూడకుండానే సగం దారిలో వెనక్కి తిరగాలి. పోలన నవ్వి ఊరుకునేవాడు. కోట దగ్గరి బసకు పోయి పడమటి కిటికీ దగ్గర కూర్చునేవాడు. బోడికొండ అటే. పడమటి గాలి వీస్తే, అది తన సీమ మీదుగా వచ్చిందేమోనని గుండెల నిండా పీల్చేవాడు.

ఒకనాడు నారణామాత్యుడు కొలువులో లేచాడు. "ప్రభూ, బోడికొండ సీమలో మనుషులకన్నా రాళ్లెక్కువ. ఆ కాస్త మందికి ఒక అధికారి, ఒక వైద్యుడు, ఒక ధాన్యపు కొట్టు దండగ. దాన్ని పులివాగు సీమలో కలిపేద్దాం."

"మనుషులు లేనిది సీమ ఎట్లా అవుతుంది? కలిపెయ్యండి! దసరా నుంచి ఆ పేరు వినబడకూడదు" అన్నాడు రాజు. సభంతా గొల్లున నవ్వింది. పోలన మాత్రం నవ్వినట్టు పెదవులు కదిపాడంతే.

దసరాకు రెండు రోజుల ముందు అతని వాకిట్లో ఒక ముసలమ్మ వచ్చి నిలబడింది. కాళ్లు పగిలి ఉన్నాయి. నెత్తిన మూట.

"పోలన ఇల్లు ఇదేనా నాయనా?"

పోలన పోల్చుకోలేకపోయాడు. ఆమె నవ్వితే, ఆ నవ్వును పట్టి గుర్తుపట్టాడు. తోడబుట్టిన అక్క ఈరమ్మ. తను ఊరు వదిలొచ్చేనాటికి ఆమె జడ నిండా తంగేడు పూలు పెట్టుకునేది.

"అక్కా! నువ్వా? ఒక్కదానివే నడిచొచ్చావా?"

"ఇంకెవరొస్తార్రా? మగాళ్లు మందల మీదుండిరి." మూట విప్పి రేగి వడియాలు చేతిలో పెట్టింది. "తిను. మన పడమటి చేని రేగిపళ్లే."

పోలన ఒకటి నోట్లో వేసుకున్నాడు. పులుపు నాలుక్కి తగలగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈరమ్మ చూసీ చూడనట్టు కొంగుతో మెడ తుడుచుకుంది.

"మంచిగా ఉన్నావు, అంతే చాలు. ఒక్క మాట అడిగి పోదామని వచ్చినా. ధాన్యపు కొట్టు పులివాగుకు పోతుందంట. అది మాకు నాలుగు రోజుల దూరం. కరువొస్తే ముసలీ ముతకా గింజల దాకా నడవలేరు, దారిలోనే పోతారు. వైద్యుడూ అంతే. అదట్లుండనీ. సీమ పేరే లేకుండా పోతే, మన అమ్మా నాయనకు ఏ సీమవాళ్లని చెప్పి నీళ్లు వదలాల్రా?"

పోలన అక్క పాదాలకు ఆముదం రాస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే వందిమాగధుల పెద్దను కలిశాడు. "అయ్యా, రేపటి నుంచి మన ప్రభువుకు తొంభైతొమ్మిది సీమలే. లేనిది ఉందని పాడితే రాజును ఎగతాళి చేసినట్టే" అని చెవిలో వేశాడు. ఆ ముసలాయన గజగజలాడిపోయాడు. తర్వాత రాళ్లు చెక్కే కాసెపని లింగోజు ఇంటికి పోయి, జయస్తంభం సంగతి మాట్లాడాడు.

దసరా కొలువు తీరింది. కళ్యాణగిరి రాయబారి కూడా వచ్చి కూర్చున్నాడు. భూపతి మీసం దువ్వుకుంటూ సింహాసనం ఎక్కాడు. వందిమాగధులు గొంతెత్తారు.

"తొం... తొంభైతొమ్మిది సీమల ఏలికా, పరాకు!"

తాళం తప్పింది. మద్దెల ఆగింది. కళ్యాణగిరి రాయబారి లేచి, ముసిముసిగా నవ్వుతూ, "శుభం! ఇక మా ప్రభువూ తమరూ సరిసమానులు" అన్నాడు.

రాజు ముఖం జేవురించింది. "ఎవడురా ఆ కూత కూసింది?" అనేలోపే బయట ఠంగు ఠంగున ఉలి చప్పుడు. భటులు లింగోజును లాక్కొచ్చారు.

"జయస్తంభం మీద ఉలి పెడతావా?"

"తమ ఆజ్ఞే గదా ప్రభూ!" అన్నాడు లింగోజు చేతులు కట్టుకుని. "నూరు చెరిపి తొంభైతొమ్మిది చెక్కాలి. కానీ రెండక్షరాల చోట అన్ని అక్షరాలు పట్టవు. పక్కనున్న బిరుదొకటి కొట్టెయ్యాలి. 'అరివీర భయంకర' తియ్యమంటారా, 'ధర్మమూర్తి' తియ్యమంటారా?"

రాజు ఇది ఎవరి పనో గ్రహించి, పోలన వైపు తిరిగాడు.

పోలన వంగి దండం పెట్టాడు. "ప్రభూ, తమరు వద్దన్నవి అరవై రెండు గడపలే. కానీ తొంభైతొమ్మిదిని నూరు చేస్తున్నవీ ఆ అరవై రెండు గడపలే. వాళ్లకు తమరి అవసరం ఎంతో, తమరికీ వాళ్ల అవసరం అంతే."

నారణామాత్యుడు చటుక్కున లేచాడు. "దానికేం ప్రభూ! పెద్ద సీమ ఒకదాన్ని రెండుగా చీలిస్తే మళ్లీ నూరవుతాయి!"

"దివ్యంగా ఉంది" అన్నాడు పోలన. "కొత్త సీమకు కొత్త అధికారి, కొత్త వైద్యుడు, కొత్త కొట్టు. మంత్రిగారు పాత చొక్కా దండగని చింపి, ఆ గుడ్డ అతకడానికి కొత్త చొక్కా కొనమంటున్నారు."

భూపతి బిగించిన ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. సింహాసనం కిర్రుమనేలా పకపకా నవ్వాడు. "ఓడానయ్యా! బోడికొండ ఉంటుంది. దాని కొట్టూ, వైద్యుడూ ఉంటారు. లింగోజూ, ఉలి దాచుకో!" తన మెడలోని ముత్యాల పేరు తీసి పోలన మెడలో వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"సెలవు కావాలి ప్రభూ."

"ఎన్నాళ్లు? పోతే తిరిగొస్తావా?"

ముప్పై ఏళ్లలో మొదటిసారి పోలన మాటకు చమత్కారం తొడగలేదు. "రాలేను ప్రభూ."

రాజు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని గట్టిగా అన్నాడు.

"రాచస్తంభం మీద ఉలిదెబ్బ వేయించడం నేరం. శిక్ష తప్పదు! ఎవరూ పోనని మొండికేసే బోడికొండ సీమకు నిన్ను అధికారిగా తోలేస్తున్నాను. నేను పిలిచేదాకా ఇటు ముఖం పెట్టావా, జాగ్రత్త!" అంటూనే మళ్లీ నవ్వాడు. ఈసారి నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

పోలన అక్కతో కలిసి నడిచాడు. తొమ్మిదో నాటి సాయంత్రం బోడికొండ కనుమ దాటారు. దిగువన కాటమయ్య అనే ముసలి గొల్ల మందను దొడ్లోకి తోలుతున్నాడు. చూపు మందగించి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఈరమ్మా, వెంట ఎవరే?"

"మన పోలడు, మామా."

ముసలాయన దగ్గరికొచ్చి పోలన చెంపలు తడిమాడు. మెడలోని ముత్యాలు చేతికి తగిలినా వాటి సంగతి అడగలేదు.

"ఎన్నాళ్లుంటావురా?"

"ఉండటానికే వచ్చినా మామా."

"అట్లయితే నిలబడినావేం? ఆ తడిక పట్టుకో. మంద లోపలికి రావాల."

పోలన తడిక పట్టుకున్నాడు.