నూకరాజు గంప దిగిన ముహూర్తం

ఆ పశువుల పాకకి తలుపు లేదు గానీ, లోపల కాపురాలకి లోటు లేదు. ఇక దున్నడానికి పనికిరాదని కాడి దించేసిన ముసలి ఎద్దు పుల్లయ్య కింద ఉండేవాడు. దూలం మీద ఒక బల్లి ఉండేది. దాన్ని అందరూ గౌరవంగా గౌళిశాస్త్రి గారు అనేవారు. ఆ దూలానికే ఒక పాత ఉట్టి వేలాడుతోంది. చల్లకుండలు పెట్టడం మానేశాక ఖాళీగా పడివున్న ఆ ఉట్టిలో గంప సర్దుకుని, పర్లమ్మ అనే కోడిపెట్ట కొడుకుని పెంచుకుంటోంది.

పోయినసారి పర్లమ్మ తొమ్మిది పిల్లల్ని నేల మీదే పెంచింది. ఒక్కటీ దక్కలేదు. కొన్నిటిని గద్ద ఎత్తుకుపోయింది, కొన్నిటిని నక్క. ఒకటి కుడితి తొట్టిలో పడింది. ఈసారి పదకొండు గుడ్లు పొదిగితే ఒక్కటే పిల్లయింది. దానికి నూకరాజు అని పేరు పెట్టి, "వీడి కాలు నేలకి తగలనివ్వను" అని ఒట్టు పెట్టుకుంది. కడుపుకోత పడ్డ తల్లిని ఏమంటాం! నూకలూ పురుగులూ ముక్కున కరుచుకుని, మేత వేసే గాడి మీదకీ, అక్కణ్ణించి ఉట్టిలోకీ రోజుకి ఇరవైసార్లు ఎగిరేది. పిల్లాడు బలిశాడు, తల్లి చిక్కింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం పర్లమ్మ మేతకి వెళ్ళినప్పుడు, నూకరాజు గంప అంచు మీద కాలు వేశాడు. కిందికి చూశాడు. గెంతాడు.

"ఎవడ్రా అది, నా వీపు మీద?" అన్నాడు పుల్లయ్య నెమరు ఆపి.

"నేనే తాతా. నేల చూద్దామని వచ్చాను."

"ఇది నేల కాదురా, నేను."

ఇంతలో పర్లమ్మ వచ్చి చూసి, పాక ఎగిరిపోయేలా అరిచింది. "అయ్యో మావా! నా కొడుకు పడిపోయాడు!"

"పడలేదమ్మాయ్, దిగాడు. జానెడు పక్కకి దిగుంటే పడేవాడు. రేపు మళ్ళీ గెంతుతాడు. రేపు నా వీపు ఇక్కడే ఉంటుందని నేను మాటివ్వలేను. ఇంత గడ్డి పరిచి కింద పడుకోబెట్టుకో."

"కిందా? ఇంకా నిన్నగాక మొన్న పుట్టాడు మావా! దేనికైనా ఒక వేళంటూ ఉండొద్దూ?"

వేళ చూడటానికి దూలం మీద శాస్త్రిగారు ఉండనే ఉన్నారు. పర్లమ్మ రెక్కలు ముడుచుకుని, "పిల్లాణ్ణి నేల మీద పడుకోబెట్టడానికి మంచిరోజు చెప్పండి స్వామీ" అంది.

బల్లి తోక రెండుసార్లు ఆడించి లెక్క కట్టింది. "మొన్ననే మూఢం ప్రవేశించింది తల్లీ. నెలన్నర దాకా శుభకార్యాల ఊసెత్తకు. అందాకా గంప అంచు పెంచు."

"నేల మీద పడుకోవడం శుభకార్యమా శాస్త్రిగారూ? నేను పుట్టినప్పట్నించీ పడుకుంటున్నాను" అన్నాడు పుల్లయ్య.

"పుల్లయ్యా, నీకు కాడి సంగతి తెలుసు గానీ కాలం సంగతి తెలియదు. ట్చ్ ట్చ్! విన్నావా? బల్లి పలికింది. సత్యం!"

"పలికింది తమరే కదండీ."

"బల్లి పలికితే సత్యమనే ఉంది శాస్త్రంలో. ఏ బల్లి అని లేదు."

పర్లమ్మ కొడుకుని మళ్ళీ గంపలోకి చేర్చి, పుల్లా పుడకా తెచ్చి అంచు బెత్తెడు పెంచింది. నూకరాజుకి ఇది మహా నచ్చింది. మర్నాడు ఆ పుడకలే మెట్లుగా పైకెక్కి, ఇంకాస్త ఎత్తునుంచి గెంతాడు. ఈసారి పుల్లయ్య వీపు అందలేదు. గడ్డి కుప్ప అంచున పడి కాసేపు లేవలేకపోయాడు. తర్వాత లేచాడు గానీ రెండు రోజులు కుంటుతూ నడిచాడు. పర్లమ్మ ఏడుస్తూ మళ్ళీ శాస్త్రిగారి దగ్గరికే వెళ్ళింది.

"ఇంకో జానెడు పెంచు" అన్నారు శాస్త్రిగారు.

పర్లమ్మ అటు వెళ్ళాక పుల్లయ్యకి ఎక్కడో తేడా కొట్టింది. "శాస్త్రిగారూ, తప్పుగా అనుకోకండి. ఈ అంచు పెంచడం కూడా శాస్త్రంలో ఉందా?"

"అది నా శిష్యుడి సలహా" అంది బల్లి గర్వంగా. "మొన్నీమధ్యే చేరాడు. వెనక గోడ దగ్గరికి రోజూ వచ్చి నా పాదాలున్న చోటికి దణ్ణం పెడతాడు. పిల్లాడు ఏ వేళకి గెంతాడు, ఎంత ఎత్తునుంచి గెంతాడు, పడ్డాక ఎంతసేపు లేవలేదు, అప్పుడు తల్లి ఎక్కడుంది, అన్నీ అడిగి తెలుసుకుంటాడు. పరాయి పిల్లాడి మీద అంత శ్రద్ధ ఈ రోజుల్లో ఎవరికుందయ్యా!"

"ఎలా ఉంటాడేంటి మనిషి?"

"నిండైన తోక. సన్నటి మూతి. ఎంత వినయమనుకున్నావు! నూకరాజు పేరెత్తితే మాత్రం నోట్లో నీళ్ళు కారుతుంటాయి పాపం. ఏదో జబ్బు కాబోలు."

గాడి చాటున గింజలు ఏరుకుంటున్న పర్లమ్మ ముక్కులోంచి గింజ జారిపోయింది. పోయినసారి పిల్లలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. శాస్త్రిగారు అటు జరగ్గానే పుల్లయ్య దగ్గరికి పరుగెత్తింది.

"నక్క మావా, నక్క! ఉట్టి ఇంకా పైకి కట్టాలి!"

"వాడికి కావలసిందీ అదే కదమ్మాయ్. నక్కకి ఎగరడం రాదు, పడ్డవాటిని ఏరుకోవడం వచ్చు. నువ్వు అంచు పెంచినకొద్దీ వాడి పని తేలికవుతోంది."

"నేలే ప్రమాదమనుకున్నాను మావా. నేల మీదే కదా నా పిల్లలందరూ పోయారు!"

"నేల ప్రమాదమే. కాదన్నానా? పిల్లాణ్ణి దించేముందు నేలని బాగుచెయ్యి. కన్నాలు మూయి. నా పక్కన పక్క వెయ్యి. నువ్వూ వాడి పక్కనే పడుకో. భయం నీది, కాళ్ళు వాడివి. నీ భయం తీరేదాకా వాడి కాళ్ళు ఆగవే పిచ్చిమొహమా."

పర్లమ్మకి ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా మంచి మాటే అని తెలిసింది. ఆ పూటే పనిలోకి దిగింది. గోడ వారనున్న పందికొక్కు కన్నాల్ని మట్టీ రాళ్ళతో పూడ్చింది. పుల్లయ్య పొట్టకీ గోడకీ మధ్య మెత్తటి గడ్డి పరిచింది. పుల్లయ్య తాగే కుడితి తొట్టి సగం నేలలోకి పాతి, సరిగ్గా ఉట్టి కిందే ఉంది. తవుడూ కడుగునీళ్ళూ పులిసి నిండా ఉన్న ఆ తొట్టి చూడగానే పర్లమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. పుల్లయ్య మూలనున్న పాత చేటని కొమ్ముతో లాక్కొచ్చి దాని మీద మూశాడు. పర్లమ్మ ఎక్కి తొక్కి చూసినా చేట కదల్లేదు.

"ఇప్పుడు దించు" అన్నాడు పుల్లయ్య.

"మూఢంలోనా?"

"పర్లా!"

గాడి మీదుగా మెల్లిగా దించింది. నూకరాజు గడ్డి మీద నాలుగడుగులు వేసి, తిరిగొచ్చి తల్లి రెక్క కింద దూరి నిద్రపోయాడు. ఇంతదానికా ఇన్ని రోజులు ఏడ్చానని పర్లమ్మకి సిగ్గేసింది.

పుల్లయ్య మాత్రం ఇంకో పని మిగిలిందన్నాడు. నక్క ఎలాగూ వస్తుంది, అదేదో మనకి తెలిసిన వేళకే రప్పిద్దామన్నది అతని లెక్క. దూలం వైపు చూసి గొంతు పెంచాడు. "శాస్త్రిగారూ! తమరు చెప్పినట్టే అంచు జానెడు పెంచేసింది. రేపు మధ్యాహ్నం కళ్ళం దాకా వెళ్ళొస్తుందట. పిల్లాడు పైన ఒక్కడే!"

"శుభం" అని బల్లి వెనక గోడకి చేరింది. గుట్టు నోట్లో దాచుకోవడం ఆ శాస్త్రంలో లేదు.

మర్నాడు మనుషులంతా చేలో ఉన్న వేళ నక్క వచ్చింది. పుల్లయ్య కళ్ళు మూసుకుని గుర్రు పెడుతున్నాడు. అతని వెనక గడ్డిలో పర్లమ్మ కొడుకుని రెక్క కింద నొక్కిపట్టుకుని ఉంది. నక్క ఉట్టికి కాస్త ఇవతల నిలబడి, నోరు తెరిచి, మెడ పైకెత్తింది. ఒక గడియ గడిచింది. మెడ పట్టేసింది.

"నూకరాజూ! నాన్నా! నేల ఎంత బాగుందో చూడు, గెంతు" అంది ముద్దుగా.

"ఆఁ..." అనబోయిన నూకరాజు ముక్కుని తల్లి తన ముక్కుతో మూసేసింది.

"పెంకి వెధవ, నిద్రపోయినట్టున్నాడు. నేనే పైకెళ్ళి లేపాలి" అనుకుని నక్క చుట్టూ చూసింది. సరిగ్గా ఉట్టి కిందే పీటలా చేట ఒకటి కనిపించింది. ముందుకాళ్ళు పెట్టింది, బాగానే ఉంది. వెనకకాళ్ళూ పెట్టింది.

చేట కోడిపిల్ల కోసం మూసింది గానీ నక్క కోసం కాదు కదా! ఫెళ్ళున విరిగింది. నక్క మెడ దాకా కుడితిలో దిగిపోయింది. మూతి నిండా తవుడుతో పైకి లేచేసరికి పుల్లయ్య నిద్ర కూడా పూర్తయింది. వెనక కాలితో ఒక్కటిచ్చాడు. కాడి దించేశారు గానీ ఆ కాలి బలం ఎవరూ దించలేదు. నక్క గుమ్మంలోంచి ఎగిరి బయట పడి, పులిసిన కుడితి కార్చుకుంటూ కంచె దాటింది.

"అమ్మా, ఆయన కూడా ఇవాళే మొదటిసారి దిగాడా?" అన్నాడు నూకరాజు.

పిల్లలు పోయిన తర్వాత పర్లమ్మ నవ్వడం పుల్లయ్య చూడటం అదే మొదటిసారి.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని లోకం చెప్పుకుంటుంది. ఇక్కడ బల్లి పడలేదు. బల్లి చేత శకునం చెప్పించినవాడు పడ్డాడు.

నెలన్నర గడిచింది. నూకరాజుకి చిన్న జుట్టు మొలిచింది, పగిలిన గొంతుతో కూత కూడా నేర్చుకుంటున్నాడు. రోజూ గడ్డి మీద కాళ్ళు బారజాపుకుని పడుకుంటాడు. పర్లమ్మ ఇప్పటికీ ఒక కన్ను తెరిచే నిద్రపోతుంది. ఆ భయం పూర్తిగా పోదని ఆమెకీ తెలుసు.

ఒకరోజు శాస్త్రిగారు దూలం చివరికి వచ్చి గొంతు సవరించుకున్నారు.

"తల్లీ పర్లమ్మా! మూఢం వెళ్ళింది. వచ్చే గురువారం ఉదయం దివ్యమైన ముహూర్తం. పిల్లాణ్ణి నిక్షేపంగా నేలకి దించుకో."

"చిత్తం శాస్త్రిగారూ" అంది పర్లమ్మ, నూకరాజు కూతలో తన మాట కలిసిపోతుండగా.

"అన్నట్టు, నా శిష్యుడు ఈమధ్య కనిపించడం లేదు. మీకేమైనా తెలుసా?"

"తీర్థాలకి వెళ్ళాడండీ" అన్నాడు పుల్లయ్య. "వెళ్ళేముందు ఇక్కడే స్నానం కూడా చేశాడు."

బల్లి కళ్ళు చెమర్చాయి. "ఎంత శ్రద్ధ! ట్చ్ ట్చ్, సత్యం!"

నీతి: పిల్ల అంచు మీద కాలు వేసిన రోజే ముహూర్తం, పెద్దలు చూడాల్సింది పంచాంగం కాదు, నేల.