గవరయ్య తెచ్చిన సగం వేగం

తంగేడుకోట రాజు విజయభూపతికి ఉన్నట్టుండి కొలువులో కంప్యూటర్ పెట్టించాలని బుద్ధిపుట్టింది. రాజులకాలంలో కంప్యూటరేమిటని అడక్కండి. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. మా రాజుకు డబ్బాలకూ కొదవ లేదు.

తీరా చూస్తే ఆ డబ్బాది నత్తనడక. అడిగిన బొమ్మ తెరమీదికి వచ్చేలోపు రాజుగారు ఒక కునుకు తీసి లేచేవారు. కొలువులో మాటకారి గవరయ్య దాని మూత విప్పి చూసి, "లోపలున్న మెమరీ మందకొడిది ప్రభూ" అన్నాడు. పట్నం వెళ్ళి 3200 రకం మెమరీ తెచ్చి బిగించాడు.

డబ్బా చురుకందుకుంది. రాజు మురిసిపోయాడు. మంత్రి ఉద్దండయ్యకు మాత్రం కంట్లో నలుసు పడ్డట్టయింది. తనకు రాని విద్య లోకంలో లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయనొక్కడికే ఉండేది, పాపం.

మర్నాడు నిండు కొలువులో ఉద్దండయ్య గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, ఆ మెమరీ వచ్చిన అట్టపెట్టె మీద వేగం మూడువేల రెండువందలని రాసి ఉంది. తెరమీద చూస్తే మెమరీని నడిపించే గడియారం వేగం పదహారువందలే. మిగతా సగం ఎవరు మింగారో గవరయ్యనే అడగండి."

రాజు మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, నా దగ్గరే చేతివాటమా? సాయంత్రంలోగా ఈ సంగతి తేల్చు. లేకపోతే సగం మీసం గొరిగించి కోట దాటిస్తాను."

గవరయ్య గుండె గుభేలుమంది. మీసమంటే మళ్ళీ మొలుస్తుంది, దొంగన్న పేరు ఊరికే పోతుందా? పైగా రాజంటే అతనికి ప్రాణం. ఆ నోటే ఆ మాట అనేసింది.

నిజమేమిటో అతనికి తెలుసు. తాను చెబితే మంత్రి ఒప్పుకోడనీ తెలుసు. అందుకని మంత్రి చేతే చెప్పించాలనుకున్నాడు.

అసలే ఎండాకాలం. రాజుకూ, ఎదురుగా కూర్చున్న మంత్రికీ నడుమ దాసి పోలమ్మ నిలబడి నిలువెత్తు విసనకర్ర ఊపుతోంది. ముందుకు ఊపితే రాజుకు గాలి, వెనక్కి లాగితే మంత్రికి గాలి.

గవరయ్య మెల్లగా ఆమె పక్కకు చేరి చెవిలో ఊదాడు. "పోలమ్మక్కా, ఊపు ఆపకు. వెనక్కి తెచ్చేటప్పుడు మాత్రం విసనకర్రను పక్కకు తిప్పి, గాలి రాకుండా లాగు."

"ఇదేం చోద్యమయ్యా" అంటూనే పోలమ్మ అలాగే చేసింది.

కాసేపటికి ఉద్దండయ్య మెడ తడిసింది. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉత్తరీయంతో విసురుకున్నాడు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏమే పోలమ్మా, సగం పని ఎగ్గొడుతున్నావు. నా గాలి ఏదీ?"

గవరయ్య చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు. "ఆమె ఊపులేమైనా తగ్గించిందా మంత్రిగారూ?"

"ఊపులు అన్నే ఉన్నాయిలే. ఊపు ఒకటైనా గాలి రెండుసార్లు రావాలి కదయ్యా, పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. ఆ మాత్రం తెలీదూ నీకు?"

"నాకు తెలుసండీ. తమకు తెలుసో లేదోననే ఈ తంటా అంతా. ఈ మెమరీ కూడా గడియారం ఒక్క ఊపుకు రెండుసార్లు సమాచారం అందిస్తుంది."

మంత్రి చెయ్యి చెమట తుడుచుకుంటూ మధ్యలోనే ఆగిపోయింది. గవరయ్య రాజువైపు తిరిగి చేతులు జోడించాడు.

"తెరమీద చూపేది ఊపుల లెక్క ప్రభూ. పెట్టెమీద రాసింది గాలుల లెక్క."

రాజు పదహారువందలను రెండింతలు చేసి చూసుకున్నాడు, సరిగ్గా మూడువేల రెండువందలు. ముందు మీసాల్లో నవ్వాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. కొలువంతా గొల్లున నవ్వింది.

"నిన్ను శంకించాను, తప్పు నాదే" అంటూ తన చేతి కంకణం తీసి గవరయ్యకు తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో."

గవరయ్య కళ్ళు తుడుచుకుని, చెమటలు కక్కుతున్న ఉద్దండయ్యను ఓరగా చూశాడు.

"ముందు మంత్రిగారి గాలి మంత్రిగారికి ఇప్పించండి ప్రభూ. లేకపోతే ఆ సగం కూడా నేనే మింగానంటారు."