కొత్వాలుగారి ఇనుప భటుడు

ఒకానొక రాజ్యంలో దొంగలకు కొదవ లేదు, దొంగలను పట్టే భటులకూ కొదవ లేదు. ఈ ఇద్దరూ ఎక్కడా ఎదురుపడకపోవడమే చిత్రం!

రాజు విజయధ్వజుడికి కోపం వచ్చింది. వెంటనే నగర కొత్వాలు భైరవయ్య ఒక ఇనుప భటుణ్ణి చేయించి సంత మధ్య నిలబెట్టాడు. డబ్బివ్వకుండా ఎవరు సరుకు తీసుకున్నా ఆ యంత్రం చెయ్యి పట్టేసుకుంటుంది. ఎర్ర తలపాగా భటుల్నీ, కిరీటం పెట్టుకున్నవారినీ మాత్రం వదిలెయ్యమని ముందే నేర్పారు. మర్యాద తెలిసిన యంత్రం మరి!

మొదటిరోజే దొంగ దొరికింది. దోసకాయలమ్మే గంగులమ్మ ఆకలేసి తన గంపలోంచే ఓ కాయ తీసి కొరికింది. యంత్రం ఆమె మణికట్టు పట్టేసింది. భటులు ఆమెను రాజు ముందుకు తెచ్చారు.

"నా కాయ నేను తినడం దొంగతనమా దొరా? ఇంట్లో చంటిపిల్ల ఉంది, చెరసాలలో వెయ్యకండి" అని ఆమె సభలో బావురుమంది.

"యంత్రం పొరబడదు ప్రభూ!" అన్నాడు కొత్వాలు మీసం మెలేస్తూ. రాజు గంభీరంగా తలూపాడు.

ఆస్థాన విదూషకుడు అచ్చప్పకు ఒళ్లు మండింది. అయినా వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ఇంతటి ఘనుడికి సంతలో కాపలా ఏమిటి ప్రభూ? తమ భోజనశాలలో నిలబెట్టించండి. తీర్పు భోంచేశాక చెప్పవచ్చు."

రాజు ఉబ్బిపోయి, అలాగే చేయించాడు.

ఆ వంశంలో కిరీటం తీసి పక్కన పెట్టనిదే విస్తరి ముందు కూర్చోరు. ఆ సంగతి కొత్వాలుకు గుర్తు రాలేదు, అచ్చప్పకు వచ్చింది. రాజు వేడి గారె అందుకున్నాడో లేదో, ఇనుప చెయ్యి ఆయన మణికట్టు మీద పడింది.

"అయ్యయ్యో, పొరబడింది ప్రభూ!" అని కొత్వాలు లబలబలాడాడు.

"పొరబడదన్నారుగా?" అన్నాడు అచ్చప్ప తాపీగా. "యంత్రం మాట నిజమైతే ప్రభువులు దొంగ. ప్రభువులు దొంగ కాదంటే గంగులమ్మా కాదు. ఏదో ఒకటి తేల్చండి, గారె చల్లారిపోతోంది."



"ముందు నా చెయ్యి విడిపించండయ్యా, తరవాత నవ్వుతాను!" అన్నాడు రాజు.

మేకులూడదీసి విడిపించాక అన్నట్టే పగలబడి నవ్వాడు. అచ్చప్పకు తన శాలువా కప్పాడు. గంగులమ్మ గంపను ఇంటిదాకా మొయ్యమని కొత్వాలును ఆజ్ఞాపించాడు.

గంగులమ్మ వెళుతూ వెనక్కి తిరిగింది.

"చెయ్యి నొప్పెడుతోందా దొరా? కాస్త ఆముదం రాసుకోండి. నేనూ అదే రాసుకుంటా."