పాత సిపాయి భూషణం

నల్లగెడ్డ అడవిలో ఎండలు ముదిరాయంటే అందరికీ గుండె దడే. అడవి మధ్య పారే గెడ్డలో నీళ్లు తగ్గేసరికి అవతలి కొండ మీంచి రేచుకుక్కల మంద దిగేది. లేడి అనీ కుందేలు అనీ లేదు, కనబడినదాన్నల్లా తరిమి తరిమి తినేసి పోయేది. ఆ బాధ పడలేక జంతువులన్నీ కలిసి రెండు దండులు పెట్టుకున్నాయి. ఒడ్డున కాపలాకి నేల దండు, గెడ్డలో కాపలాకి నీటి దండు. నేల దండుకి అడవిదున్న దండపాణి పెద్ద, నీటి దండుకి మొసలి మకరందం పెద్ద.

పెద్దలిద్దరికీ మాటల్లేవు. ఏదో ఊరేగింపులో ఎవరు ముందు నడవాలన్న దగ్గర తగువొచ్చింది. దండపాణి ముందు నడిచాడు, మకరందం ఆయన తోక కొరికాడు. అప్పట్నుంచి ఈ దండు సంగతి ఆ దండు అడగదు, ఆ దండు సంగతి ఈ దండు చెప్పదు. తగువు రాకముందు ఇద్దరూ కలిసి పెట్టుకున్న రూలు ఒకటి మాత్రం మిగిలిపోయింది. ఒక దండులో పనిచేసినవాడు రెండో దండుకి మారితే మొదటి ట్రైనింగ్ మళ్లీ చెయ్యక్కర్లేదు.

ఈ రూలు గుంటనక్క భూషణం చెవిన పడింది.

భూషణానికి దండు రేషను మీద మహా ప్రేమ. నేల దండులో తేనెపట్లు, రేగుపళ్లు. నీటి దండులో పీతలు, చేపలు. కానీ ట్రైనింగంటే మాత్రం ఒళ్లు మంట. తెల్లారకుండా లేపి, బురదలో పొర్లించి, ముళ్లకంప కింద పాకించి, పైగా తిడతారు. కుందేళ్లు ఆ కంప కిందనుంచి బొచ్చు ఊడి బయటికి రావడం భూషణం కళ్లారా చూశాడు.

"పీతలు కావాలి, కంప వద్దు," అనుకున్నాడు. ఆలోచిస్తే దారి దొరికింది.

తిన్నగా దండపాణి దగ్గరికి వెళ్లి, వెనక్కాళ్ల మీద నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"ఎవడివిరా?" అన్నాడు దండపాణి, గడ్డి నములుతూ.

"నీటి దండులో పాత సిపాయిని సార్. అక్కడ ఇమడలేక మీ దగ్గరికి వచ్చాను."

దండపాణి నమలడం ఆపాడు. "ఆ మకరందాన్ని వదిలేసి వచ్చావా?"

"వదలకేం చేస్తాను సార్? పొద్దస్తమానం నోరు తెరుచుకుని ఎండలో పడుకుంటాడు. అదీ ఒక నాయకత్వమేనా?"

దండపాణికి ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్లుగానో తను అనాలనుకున్న మాటే అది. "మంచి పని చేశావోయ్. నీకు ట్రైనింగ్ అక్కర్లేదు. వెళ్లి భోజనం చెయ్యి," అన్నాడు.

భూషణం భోజనం చేశాడు. రోజూ చేశాడు. కొండ కింద గస్తీ తిరగమని హుకుం వచ్చేదాకా చేస్తూనే ఉన్నాడు. ఆ హుకుం వచ్చిన పూటే గెడ్డ దిగువకి నడిచి, మకరందం ముందు నిలబడ్డాడు.

"నేల దండులో పాత సిపాయిని సార్. ఆ దున్నకి బుర్ర మోకాల్లో ఉంది. ఉండలేకపోయాను."

మకరందం పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "మోకాల్లోనా? నేను గిట్టలో అనుకున్నానే! రావోయ్, పీతలు తిను."

అలా సాగింది. ఇక్కడ గస్తీ పడితే అక్కడికి, అక్కడ ఈత పడితే ఇక్కడికి. వెళ్లిన చోటల్లా అవతలి పెద్దని ఓ తిట్టు తిడితే చాలు, మళ్లీ చేర్చుకునేవారు. భుజం మీద నేరేడుపండు రసం పూసుకుని, అది రేచుకుక్క కాటు అని చెప్పుకునేవాడు. లేళ్లు దారి ఇచ్చేవి. కుందేళ్లు సెల్యూట్ కొట్టేవి. చెప్పగా చెప్పగా భూషణానికే తను పాత సిపాయినన్న నమ్మకం కుదిరింది. ఆ భుజం అప్పుడప్పుడూ నొప్పి కూడా పుట్టేది.

ఇలా ఉండగా నీటి దండుకి కొత్త సుబేదారు వచ్చింది. తాబేలు కూర్మమ్మ. చాలాకాలం నేల దండులో చేసి, తర్వాత నీటి దండుకి మారినావిడ. మాట నెమ్మది, నడక ఇంకా నెమ్మది. ఒకరోజు భూషణం పీతలు తింటుంటే పక్కనే వచ్చి కూర్చుంది.

"నేల దండులో చేశావట కదా బాబూ. నేనూ అక్కడిదాన్నే. ఎవరి దగ్గర చేశావు?"

భూషణానికి పీత గొంతులో అడ్డం పడింది. సర్దుకున్నాడు. "స్వయంగా దండపాణి సార్ దగ్గరే అమ్మా."

"అదృష్టవంతుడివి. సార్ సీటీ ఊదితే ఎలా ఉండేది! ఊదగానే నువ్వేం చేసేవాడివి?"

"ఏం చేస్తానమ్మా, బాణంలా పరిగెత్తేవాణ్ణి. నా వెనక మిగతావాళ్లు."

"ఆహా," అంది కూర్మమ్మ. మెల్లగా లేచి వెళ్లిపోయింది.

నేల దండులో సీటీ వినబడితే ఎక్కడివాళ్లు అక్కడ నేలకి అతుక్కుపోవాలి. ముళ్లకంప కింద పాకిన ఏ కుందేలైనా నిద్రలో లేపినా చెబుతుంది. భూషణానికి ఆ సంగతి తెలియదు. కూర్మమ్మ ఆ తర్వాత కొన్నాళ్లు కనబడకపోతే, ముసలమ్మ సెలవు పెట్టిందనుకుని హాయిగా నిద్రపోయాడు.

ఒక పొద్దుటే ఆమె తిరిగొచ్చింది, కాళ్లనిండా దుమ్ముతో.

"భూషణం బాబూ, నీకో మంచి కబురు. నీలాంటి అనుభవం ఉన్నవాణ్ణి ఒడ్డున కూర్చోబెట్టడం తప్పు. గెడ్డ మధ్యలో నల్లబండ ఉంది చూశావా, రేచుకుక్కలు ఈదుకుంటూ దాటే చోటు? అక్కడ కాపలాకి నిన్ను పెద్దగా వేశాం. నీ కింద కప్పల పటాలం."

భూషణం మొహం పాలిపోయింది. "అంత పెద్ద పదవి నాకెందుకమ్మా? కొత్తవాళ్లకి అవకాశం ఇవ్వండి."

"కొత్తవాళ్లకి ఇంకా ట్రైనింగ్ అవలేదుగా."

"పోనీ నేనూ వాళ్లతో కలిసి ఓసారి... ఊరికే, మర్చిపోయినవి గుర్తు తెచ్చుకోవడానికి..."

"నీకు మళ్లీ ట్రైనింగా! రూలు ఒప్పుకోదు బాబూ. దండపాణి సార్ దగ్గర నేర్చినవాణ్ణి మళ్లీ నేర్చుకోమంటే ఆయనకెంత అవమానం!"

"నా భుజం..."

"అవును, గాయం కూడా ఉంది. ఎంత ధైర్యవంతుడివో!"

మర్నాడు తెల్లవారుజామున కప్పలు భూషణాన్ని ఒక దుంగ మీద ఎక్కించి నల్లబండ దగ్గర దింపాయి. గెడ్డ తగ్గిందన్నమాటే గానీ బండ చుట్టూ లోతైన మడుగు. నీళ్ల మీద మంచు దట్టంగా ఉంది. భూషణం బండ నడుమన, తోక కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంతలో అవతలి ఒడ్డున ఎర్రటి ఆకారాలు కదిలాయి. గుర్రుమన్నాయి. ఎక్కడో సీటీ మోగింది.

"రేచుకుక్కలు సార్!" అన్నాడు కప్పల హవల్దారు దాలయ్య. "సీటీ అయింది. ఏం చెయ్యమంటారు?"

"పరిగెత్తండి!" అని అరిచాడు భూషణం.

"ఎక్కడికి సార్? చుట్టూ నీళ్లే కదా!"

దాలయ్య ఇంక ఆగలేదు. నీటి దండు పద్ధతి ప్రకారం కప్పలన్నీ చప్పుడు లేకుండా మడుగులోకి జారిపోయాయి. బండ మీద భూషణం ఒక్కడే మిగిలాడు. ఎర్రటి ఆకారాలు నీళ్లలో కాలు పెట్టాయి. భూషణం కళ్లు మూసుకుని ఇవతలి ఒడ్డు వైపు దూకాడు.

దూకిన తర్వాత తెలిసింది, మోకాలి లోతుకి మించి తనెప్పుడూ నీళ్లలో దిగలేదని. మునిగాడు. నీళ్లు మింగాడు. తేలాడు, అరిచాడు, మళ్లీ మునిగాడు. పొట్ట కింద గట్టిగా ఏదో తగిలింది. కూర్మమ్మ వీపు. ఆమె అతన్ని ముక్కు పైకి తేలేంత వరకే ఎత్తింది.

"ఈదు బాబూ. నీటి దండులో పాత సిపాయినని దండపాణి సార్‌తో చెప్పావట కదా."

"నాకు ఈత రాదమ్మా!"

"పోనీలే, నేల దండువాడివి కదా. ఒడ్డున దింపుతాను. రేచుకుక్కల్ని నేల దండు పద్ధతిలో ఎదుర్కో."

"అదీ రాదు తల్లీ!"

"మరి ఏం వచ్చు?"

"తినడం! తినడం ఒక్కటే వచ్చు! ఏ దండులోనూ ఒక్క పూట కూడా ట్రైనింగ్ చెయ్యలేదు! నన్ను బయట పడెయ్యండి!"

ఆ కేక అడవంతా వినబడింది. మంచు విడిపోతుంటే ఒడ్డున దండపాణి, మకరందం పక్కపక్కన నిలబడి ఉన్నారు. అవతలి ఒడ్డున రేచుకుక్కలనుకున్నవి నేల దండులోని దుమ్ములగొండులు. ఎర్రమట్టిలో పొర్లి వచ్చినందుకు దురద పుట్టి గోక్కుంటున్నాయి.

కూర్మమ్మ భూషణాన్ని ఒడ్డున దించింది. అతను తోక పిండుకుంటూ తల వంచుకుని నిలబడ్డాడు.

"వీడు నాకు నీ దండువాణ్ణని చెప్పాడు," అన్నాడు దండపాణి.

"నాకు నీ దండువాణ్ణని చెప్పాడు," అన్నాడు మకరందం.

"నన్నో మాట అడక్కపోయావా?"

"నువ్వు అడిగావా?"

ఇద్దరూ చెరోవైపు చూశారు.

"నేను నడిచి వెళ్లి అడిగాను," అంది కూర్మమ్మ. "నా నడకకి కాస్త ఆలస్యమైంది గానీ, దారిలో ఎవరూ అడ్డం రాలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి సార్. వీడు దొంగ సిపాయి, సరే. నేను నిజం సిపాయినే. ఈ దండుకి మారినప్పుడు నాకూ ట్రైనింగ్ అక్కర్లేదన్నారు. మొదటి సీటీకి, నేల దండు అలవాటు కొద్దీ మడుగు అడుక్కి అతుక్కుపోయాను. అందరూ జారుకుని బండ వెనక తేలితే నేను కిందే ఉండిపోయాను. తాబేలుని గనక ఊపిరి సరిపోయింది. మర్నాడే వెళ్లి కొత్త కప్పల వరసలో నిలబడ్డాను."

"ఈ వయసులోనా?" అన్నాడు మకరందం.

"నవ్వారు సార్. నవ్వితే మునిగిపోం కదా."

పెద్దలిద్దరూ తోక కొరుకుడు తర్వాత మొదటిసారి కలిసి కూర్చుని రూలు మార్చారు. నడకా సెల్యూటూ ఒకచోట నేర్చింది చాలు. సీటీ, ఊపిరి, పోరు మాత్రం ఏ దండుకి పోతే ఆ దండులో మళ్లీ నేర్చుకోవాలి.

భూషణం చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అంటే సార్, ముందు నేల దండులో చేస్తే, నీటి దండులో నడక మాఫీయే కదా?"

"మాఫీయే," అన్నాడు దండపాణి. "ముందు ముళ్లకంప కిందికి నడు."

ఆ వారమే భూషణం ముళ్లకంప కింద ఉన్నాడు. ముందు కుందేలు, వెనక కుందేలు, నెత్తిన ఇంకో కుందేలు. హవల్దారు కుందేలు భూషణం చెవి అంత ఉంటుంది. దాని గొంతు మాత్రం కొండ అవతలికి వినబడుతుంది. "పొట్ట కిందికి భూషణం! పీతలు తిన్న పొట్ట కిందికి!" సాయంత్రానికి వీపు మీద బొచ్చు సగం కంపకే ఉండిపోయింది. ఒకటి రెండుసార్లు పారిపోదామనుకున్నాడు గానీ, రెండు దండుల పెద్దలూ ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్నారు. పోయి చెప్పుకోవడానికి మూడో దండు లేదు.

ఎండలు ఇంకా ముదిరాక నిజంగానే రేచుకుక్కలు దిగాయి. సీటీ మోగింది. భూషణం ఎక్కడున్నవాడు అక్కడే నేలకి అతుక్కుపోయాడు. ఒక రేచుకుక్క అతని తోక పక్కనుంచే నడిచిపోయింది. భూషణం కాలు కదపలేదు. ఆ మంద పూర్తిగా సిపాయిల వలయంలోకి వచ్చాక దండపాణి రంకె వేశాడు. నేల దండు లేచింది, నీటి దండు దారి మూసింది. రేచుకుక్కలు వచ్చిన దారి దొరక్క, దొరికిన దారిన కుంటుకుంటూ కొండెక్కాయి. ఆ రోజు ఒక్క కుందేలూ పోలేదు.

ఆ సంబరంలో కూర్మమ్మ అతని దగ్గరికి వచ్చి పలకరించింది. "బాగా చేశావు బాబూ. మా నీటి దండుకి మారతావా? పీతలు దండిగా ఉన్నాయి."

భూషణం నోరూరింది. "మారితే మళ్లీ ట్రైనింగ్ చెయ్యాలా అమ్మా?"

"చెయ్యాలి."

భూషణం బొచ్చు ఊడిన వీపు తడుముకున్నాడు. "నాకిక్కడ రేగుపళ్లు బాగానే పడుతున్నాయమ్మా," అన్నాడు.

నేర్చానని ఎదుటివాళ్లను నమ్మించవచ్చు గానీ, నీళ్లను నమ్మించలేం.